పనిలేని వానికిని పీట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున పుస్తకములను గూర్చి మాటలాడుటకు నాకంటె సమర్థులు ఈ వేదికపై పెక్కురు గలరు. నేనొక రైలు స్టేషనును గూర్చి చెప్పదలచితిని. గ్రంథాలయమునకును స్టేషనునకును సంబంధమేమని మీరడుగవచ్చును. రజతోత్సవ నిధిలో కొంత వెచ్చించి మన భవనపు వసారాకు ఇనుప కటకటాలు పెట్టించవలెనను ప్రతిపాదన యొకటి సంఘము ముందున్నది. చదువుటకు రానివారు అచట కూర్చుండి వేరుసెనగకాయలు తిని తొక్కలు పాఱవేయుచున్నారనుట దానికి కారణము. ఆ మాట వినినపుడెల్ల జపాను దేశములోని ఆ చిన్న స్టేషను నాకు జ్ఞప్తికి వచ్చుచున్నది.

దాని పేరు ఉమి-షిబౌరా. యొకొహామా నగరములోని త్సురుమి నుండి బయలుదేరు రైలుమార్గపు శాఖలలో ఒకదానికి అది కొస. దూరము అయిదు కిలోమీటర్లకు లోపే. సముద్రమును పూడ్చి ఏర్పఱచిన నేలపై, కర్మాగారముల యవసరమునకై ఈ మార్గమును వేసిరి. 1926లో సరకుబండ్లతో మొదలైనది. 1930లో ప్రయాణికుల బండ్లు నడచినవి. 1943లో ప్రభుత్వము వశమైనది. ఇపుడు దీనిని తూర్పు జపాను రైల్వే సంస్థ నడుపుచున్నది. మన యూళ్ళలో సత్రములకు దాతల పేర్లున్నట్లు ఈ దారిలో కొన్ని స్టేషన్లకు పారిశ్రామికుల పేర్లు గలవు. శాఖ చీలు తావునకు అసానో అని పేరు. అది అసానో సోయిచిరో అను పారిశ్రామికుని పేర వెలసినది.

ఉమి యనగా సముద్రము. షిబౌరా యనునది ఒక యంత్రనిర్మాణ సంస్థ పేరు. 1939లో వేఱొక సంస్థతో కలసి నేడు మనమెఱిగిన తోషిబాగా మాఱినది. 1940 నవంబరు 1వ తేదీన ఈ స్టేషనును తెఱచిరి. ఉన్నది ఒకే ప్లాటుఫారము. దానికొకప్రక్క పట్టాలు, రెండవప్రక్క కమ్మి. కమ్మి క్రిందనే ఉప్పునీరు. నిజమునకది ఓడలు తిరుగు కాలువయే గాని విశాల సముద్రము కాదు. అయినను నీటిపై నుండి వచ్చు గాలికిని, దూరమున కానవచ్చు త్సురుమి త్సుబాస వంతెన చూపునకును కొదువ లేదు. 1994లో తెఱచిన ఆ తీగల వంతెన నడిమి భాగమొక్కటే 510 మీటర్ల పొడవు.

ఇక వింత యేమనగా, ఈ స్టేషను నుండి వెలుపలికి పోవు దారి తిన్నగా తోషిబా కర్మాగారములోనికే పోవును. ఉద్యోగులును, అనుమతి గలవారును తప్ప అన్యులు అటు పోరాదు. వచ్చిన బండిలోనో తరువాతి బండిలోనో మరలిపోవలసినదే. ఉద్యోగుల రాకపోకల వేళ బండ్లు తఱచుగా నుండును. పగటి నడిమి వేళ అవి తక్కువ. అట్లయినను, కర్మాగారముతో నెట్టి పనియు లేనివారు నీటి యందమును చూచుటకై వచ్చుచుండిరి. వారి కొఱకు ఆ కర్మాగారమువారు తమ నేలలో స్టేషనును ఆనుకొని యొక చిన్న యుద్యానమును 1995లో ఏర్పఱచిరి. కొన్ని చెట్లు, కూర్చుండుటకు బల్లలు, ఎదుట నీరు, అంతియే. అచట కూర్చుండుటకు నీవెవరవు, నీకేమి పని యని అడుగువారు లేరు.

ఆ స్టేషనులో ఫలహారశాల లేదు. వచ్చువారు తమ తినుబండారములు తామే తెచ్చుకొందురు. అన్నమును ముద్దగా నొత్తి సముద్రపు నాచుతో చేసిన పలుచని రేకును చుట్టిన ‘ఒనిగిరి’ వారికి మన పులిహోర పొట్లము వంటిది. యొకొహామాలో కియోకెన్ అను అంగడివారు 1928 నుండి ‘షుమాయి’ చేయుచున్నారు. అవి పిండిపొరలో మాంసము కూరి ఆవిరిపై ఉడికించిన చిన్న యుండలు. రైలులో తినువారికి వేడివేడిగా దొరకవు గనుక చల్లారినను రుచి చెడని రీతిని వానిని కూర్చిరి. 1954 నుండి అన్నముతో గూడ పెట్టెలో నమర్చి అమ్ముచున్నారు. ఆ పెట్టెకు పలుచని చెక్క వాడుదురు. అన్నపు చెమ్మను అది పీల్చుకొనును. మన తల్లులు ప్రయాణపు భోజనమును అరటియాకులో కట్టుట యందును ఇట్టి తెలివియే గలదు. తిన్న పిదప ఖాళీ పెట్టెను ఇంటికి తీసికొనిపోవుట అచటివారి మర్యాద.

మిత్రులారా! ఆ కర్మాగారమువారు తమ ద్వారమును అందఱికిని తెఱవలేదు. యంత్రములున్న చోటికి దారినపోవువారిని రానీయకుండుట న్యాయమే. అయితే ద్వారమును మూయుట వేఱు, మనుష్యుని తఱిమివేయుట వేఱు. ఈ రెంటిని వారు వేఱుపఱచిరి. మనమును అట్లే చేయవచ్చును గదా! పుస్తకముల గదికి తాళముండనిండు. వసారా మాత్రము తెఱచియుండవలెను. రాత్రివేళ సంగతి యేమందురా? ఆ యుద్యానమును సైతము రాత్రి మూయుదురు. మనమును వేళ నిర్ణయించుకొందము.

బాటసారికి అరుగు కట్టించినది, వేసవిలో చలివేంద్రము పెట్టినది మన జాతియే. 1935లో పాతూరి నాగభూషణముగారు గుంటూరు జిల్లా కాలువలో పడవపై గ్రంథాలయమును నడపిరి. పడవ ప్రయాణికులు గ్రంథాలయమునకు పోవలెనని బయలుదేరినవారు కారు. వారి తీఱిక వేళను కనిపెట్టి పుస్తకమే వారి చెంతకు పోయెను. మన వసారాలో నీడకై కూర్చున్నవాడును అట్టి ప్రయాణికుడే. మన పాఠకులలో ఎందఱో మొదట ఎండకు తాళలేక ఇచటికి వచ్చినవారని నేనెఱుగుదును. ముందు చల్లగాలి, పిదప వార్తాపత్రిక, ఆ పిదపనే లోపలి గది.

కాబట్టి కటకటాల కగు ధనముతో రెండు బల్లలు, ఒక మంచినీళ్ళ కుండ, తొక్కలకొక పెద్ద బుట్ట ఏర్పాటు చేయుడని సంఘమువారిని ప్రార్థించుచున్నాను. బల్లపై పాత వారపత్రికలు నాలుగు పడియుండనిండు. బుట్ట యున్నను తొక్కలు నేలపైనే పడినచో, ఊడ్చుటకు వంతులు వేసికొందము. మొదటి వంతు నాది.