డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు: వ్యాసాల లెక్క, లెక్కకు అందని సేవ

(ఆదోనిలో మన సంఘ సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. బి.పి., షుగరు సంగతులు మనం కలిసినప్పుడల్లా చెప్పుకునేవే. అందుకని ఈ పూట అంటురోగాలకు మందులు తెచ్చిన ఒక తెలుగువాడి గురించి, ఆయన వ్యాసాల గురించి, వాటికి దక్కిన లెక్క గురించి మనవి చేస్తాను. ఆయనే డాక్టర్ ఎల్లాప్రగడ సుబ్బారావు.

శాస్త్రజ్ఞుడికి ఆయన ప్రచురించిన వ్యాసాలే సర్వీసు రిజిస్టరు. ఒకరి వ్యాసాన్ని తర్వాతివారు తమ వ్యాసంలో ఆధారంగా చూపిస్తే దాన్ని ఉదహరింపు అంటారు. మనకు ఇది కొత్తేమీ కాదు. ఆఫీసు ఉత్తరంలో 'విషయం' కింద 'రిఫరెన్సు' రాసేవాళ్లం, అదే ఇది. 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన నకారా తీర్పునే తీసుకోండి. పెన్షన్ దయాధర్మం కాదు, హక్కు అని చెప్పిన ఆ తీర్పును తర్వాతి పెన్షను కేసుల్లో ఎన్నిసార్లు చూపించారో మీకు తెలుసు. ఎంతమంది దాన్ని ఆసరా చేసుకుంటే అంత బలమైన తీర్పన్నమాట. శాస్త్ర వ్యాసాలకూ ఇదే కొలత. అమెరికాలో యూజీన్ గార్‌ఫీల్డ్ అనే ఆయన 1964లో ఈ ఉదహరింపులకు పెద్ద సూచిక అచ్చువేయడం మొదలుపెట్టాడు. ఈ రోజుల్లో చాలాచోట్ల శాస్త్రజ్ఞులకు ఉద్యోగం, ప్రమోషను ఇచ్చేటప్పుడు ఈ అంకెలు చూస్తున్నారు.

ఇక సుబ్బారావుగారి సంగతి. 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో చదువుతూ గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టారు. అది శస్త్రచికిత్స ప్రొఫెసరుకు నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. అనే తక్కువ స్థాయి పట్టా చేతికొచ్చింది. స్ప్రూ అనే పేగుల వ్యాధి ఆయన అన్నదమ్ములను తీసుకుపోయింది. రోగాలకు మందు వెతకాలన్న పట్టుదల అక్కడ బలపడింది. 1922లో అమెరికా వెళ్లి హార్వర్డులో చేరారు. పొట్ట గడవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట కూలి పని చేశారు.

1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఆయన ప్రచురించిన వ్యాసం రక్తంలో, మూత్రంలో భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి గురించినది. నమూనాలో కొన్ని రసాయనాలు కలిపితే నీలి రంగు వస్తుంది. భాస్వరం ఎక్కువైతే నీలం చిక్కనవుతుంది. ఆ రంగును పోల్చి లెక్క కడతారు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని ప్రపంచంలోని జీవరసాయన ప్రయోగశాలలన్నీ దాన్ని వాడుకున్నాయి. వేలాది వ్యాసాల్లో దాన్ని ఉదహరించారు.

ఇక్కడ ఒక చిత్రం ఉంది. ఒక పద్ధతి బాగా అలవాటైపోయి పాఠ్యపుస్తకంలోకి ఎక్కితే, దాన్ని ఉదహరించడం మానేస్తారు. జీతాల బిల్లు వేసే గుమాస్తా కూడిక కనిపెట్టినవాడి పేరు రాస్తాడా? అంటే, ఒక పని అందరిదీ అయిపోయాక దాని లెక్క ఆగిపోతుంది, పని మాత్రం సాగుతూనే ఉంటుంది.

హార్వర్డులో ఆయనకు స్థిరమైన పదవి దొరకలేదు. ఆయన వేరుచేసిన కొన్ని పదార్థాల సంగతి అచ్చులోకి రాలేదనీ, ఏళ్ల తర్వాత ఇతరులు వాటిని మళ్లీ కనిపెట్టవలసి వచ్చిందనీ, అక్కడే చదువుకుని 1988లో నోబెల్ బహుమతి అందుకున్న జార్జి హిచింగ్స్ తర్వాత చెప్పాడు. 1940లో సుబ్బారావుగారు లెడర్లీ అనే మందుల కంపెనీలో పూర్తికాలం పనికి చేరి, పరిశోధన విభాగాన్ని నడిపించారు.

అక్కడినుంచి రెండు పెద్ద మందులు వచ్చాయి. మొదటిది 1947 నాటి హెట్రజాన్. డి.ఇ.సి. అంటే మన ఆరోగ్య కార్యకర్తలకు బాగా తెలుసు. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలను రక్తంలో చంపే మందు. ఎలుకల మీద, కుక్కల మీద చేసిన ప్రయోగాల వ్యాసంలో ఆరుగురి పేర్లున్నాయి, చివరి పేరు సుబ్బారావుగారిది. అదే సంవత్సరం ప్యూర్టోరికోలో రోగులకు ఇచ్చి చూసిన ఫలితాలు అచ్చయ్యాయి. ఆయన పుట్టిన గోదావరి ప్రాంతమే బోదకాలుతో బాధపడిన నేల. మన దేశంలో 2004 నుంచి ఏటా ఊరూరా సామూహికంగా మింగిస్తున్న మాత్రల్లో ఇది ఒకటి.

రెండోది ఆరియోమైసిన్. మట్టిలోని సూక్ష్మజీవి నుంచి తీసినది. దాన్ని కనుగొన్నవాడు సుబ్బారావుగారి విభాగంలో పనిచేసిన వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు బెంజమిన్ డుగ్గర్. 1948లో వెలువడిన వ్యాసం మీద డుగ్గర్ పేరొక్కటే ఉంది. తెలుగువాడన్న అభిమానంతో అంతా సుబ్బారావుగారి ఖాతాలో వేయడం న్యాయం కాదు. కనుగొన్నది డుగ్గరే. కాని పదవీ విరమణ చేసిన పెద్దమనిషికి బల్ల, కుర్చీ, సహాయకులు ఉండే చోట ఆ వెతుకులాటను నడిపించినవారు సుబ్బారావుగారు. అలాంటి సేవకు ఉదహరింపుల సూచికలో గడి లేదు. ఆ ఏడాది ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, న్యూయార్కులో ఆయన కన్నుమూశారు.

ఎమ్మిగనూరు నుంచి వచ్చినవారికి ఇది సులభంగా బోధపడుతుంది. 1938లో మాచాని సోమప్పగారు పెట్టిన చేనేత సహకార సంఘం పేరు ఊరికి తెలుసు. మగ్గం మీద కూర్చున్న నేతగాడికి కూలి లెక్క ఉంటుంది. పక్కన కూర్చుని కండెలు చుట్టిన ఇల్లాలి పేరు ఏ పద్దులో ఉంటుంది? అయినా కండె లేనిదే చీర లేదు.

ఆరియోమైసిన్ వంశంలోనిదే టెట్రాసైక్లిన్, దాని తర్వాతిది డాక్సీసైక్లిన్. ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతం 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండేది. ప్లేగు వస్తే ఊరు ఖాళీ చేసి పొలాల్లో గుడిసెలు వేసుకున్న రోజుల గురించి పెద్దలు చెప్పగా విన్నాం. 1994లో సూరత్‌లో ప్లేగు కలకలం రేగినప్పుడు జనం ఎగబడి కొన్నది ఈ టెట్రాసైక్లిన్ బిళ్లలనే. గుడిసెకు బదులు బిళ్ల వచ్చింది. ఆ తేడా ఏ ఉదహరింపుల సంఖ్యకు అందుతుంది?

అలాగని వ్యాసాలను చిన్నచూపు చూడమని నేను అనడం లేదు. భాస్వరం పద్ధతి అచ్చులో ఉంది కాబట్టే ప్రపంచానికి అందింది. అచ్చుకాని పనిని మళ్లీ మొదటినుంచీ చేయవలసి వచ్చింది. లెక్క అవసరమే. అయితే లెక్కలోకి వచ్చేది రాసిపెట్టినది మాత్రమే.

అందుకే రెండు విన్నపాలు. మొదటిది, మాత్రల సంగతి. డాక్టరు రాస్తేనే యాంటీబయాటిక్ వాడండి, రాసినన్ని రోజులూ వాడండి. పాతచీటీ చూపించి మనవలకు కొనవద్దు. బోదకాలు మాత్రలు పంచే జిల్లాల్లో మన పిల్లలు ఉంటే, కార్యకర్త ఎదుటే మింగమని చెప్పండి. రెండేళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, తీవ్రంగా జబ్బుపడినవారికి వాటిని ఇవ్వరు.

రెండోది, మన సంఘంలో మలేరియా కార్యకర్తలుగా, నర్సులుగా, కాంపౌండర్లుగా, ల్యాబు సహాయకులుగా పనిచేసినవారు ఉన్నారు. ఇంటింటికీ తిరిగి రక్తపు చుక్కలు తీసినవారు, కలరా రోజుల్లో బావుల్లో బ్లీచింగు పొడి చల్లినవారు, మశూచి టీకాలు వేసినవారు. అప్పటి నివేదికల మీద సంతకాలు పైవారివి, నడిచిన కాళ్లు వీరివి. ఏ సంవత్సరం, ఏ ఊరు, ఏం చేశారు, పక్కన ఎవరున్నారు, ఇంతే రెండు పేజీలు రాసి మన పత్రికకు ఇవ్వండి. చేయి వణికితే మనవరాలికి చెప్పి రాయించండి. రిటైరయ్యాక మన సర్వీసు రిజిస్టరులో ఎవరూ ఇంకో వరస రాయరు. ఆ వరస మనమే రాసుకోవాలి.