ఏం తిన్నామో ఎవరు చెప్పగలరు?



నేను పనిచేసిన పోషకాహార రంగం నుంచి ఒక్క సంగతి చెప్పి సెలవు తీసుకుంటాను. ఫ్లేవనాయిడ్లు అనే మాట ఈమధ్య పత్రికల్లో తరచుగా కనబడుతోంది. ఇవి మొక్కల్లో ఉండే పదార్థాలు. మన పత్తిపువ్వు పసుపు వీటి చలవే. ఒకప్పుడు వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఆచార్య టి.ఆర్. శేషాద్రి గారు పత్తిపూల రంగుల మీదే పరిశోధనలు చేశారు. ఉల్లి, టీ, మిరపల్లోనూ ఇవి ఉన్నాయి.

ఇవి ఎక్కువ తింటే గుండెకు మంచిదని చదువుతుంటాం. ఎవరెంత తిన్నారో ఎలా తెలిసింది? చాలావరకు ప్రశ్నావళితోనే. ‘గత ఏడాది ఉల్లిపాయ వారానికి ఎన్నిసార్లు తిన్నారు?’ అని అడుగుతారు. పులుసులో, తాలింపులో కలిసిపోయిన ఉల్లికి మన అమ్మలు ఏం లెక్క చెబుతారు? ఒకే గిన్నెలోది ఇంటిల్లిపాదీ తింటారు. అందరికీ పెట్టి చివర తినే ఇల్లాలి కంచంలో ఎంత పడిందో ఎవరికి తెలుసు? మిరపకోతల రోజుల తిండి వేరు, పని లేని రోజుల తిండి వేరు.

జ్ఞాపకం సరిగ్గా ఉన్నా చిక్కు తీరదు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో 528 ఆహార పదార్థాల పట్టికలు వెలువరించింది. ఎంతో విలువైన పని. కానీ పట్టికలో ఉండేది సగటు. ఉల్లిలో క్వెర్సెటిన్ పైపొరల్లోనే ఎక్కువ. రెండు పొరలు ఎక్కువ ఒలిస్తే లెక్క మారిపోతుంది. టీ ఎంతసేపు మరిగిందన్నదీ అంతే.

అందుకే ఇంగ్లండులోని నార్ఫోక్‌లో 25 వేల మందికి పైగా మూత్రపరీక్షతో ఫ్లావనాల్స్ అనే ఒక రకాన్ని అంచనా వేసి, 2020లో ఫలితాలు ప్రకటించారు. అవి ఎక్కువ తీసుకున్నవారిలో రక్తపోటు కొంత తక్కువగా కనబడింది. అయితే ఆ పరీక్ష చెప్పేది దగ్గరి గంటల తిండి గురించే. ఏడాది అలవాటు గురించి కాదు.

ప్రశ్నావళి పనికిరాదని నేననను. ఎక్కువ తినేవారినీ, తక్కువ తినేవారినీ గుంపులుగా విడదీయడానికి పనికొస్తుంది. ఫలానా మనిషి ఇన్ని మిల్లీగ్రాములు తిన్నాడని తేల్చడానికి చాలదు. కాబట్టి పత్రికలో ఒక వార్త చూసి బీపీ మాత్ర మానేసి, ఏ కషాయమో పట్టుకోకండి. ‘ఎలా కొలిచారు?’ అని ముందు అడగండి.

ఉపాధ్యాయులకు ఒక మనవి. పిల్లల చేత ఒకరోజు తిన్నదంతా అప్పటికప్పుడు రాయించండి. వారం తర్వాత, చూడకుండా మళ్లీ రాయించండి. రెండు కాగితాలూ పక్కపక్కన పెడితే, నా ఉపన్యాసం కంటే బాగా అర్థమవుతుంది.