సివిలు ఇంజనీరు విద్య - ఋణము, తొలివేతనము
(వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



మన సంఘ కార్యదర్శిగారు నాకు “విద్యాప్రాశస్త్యము” అను విషయము నొసగి మాటలాడుమనిరి. ముప్పదియైదేండ్లు పాఠశాలలో సంస్కృతాంధ్రములు చెప్పి విరమించినవానికి ఆ విషయముపై గంటసేపు మాటలాడుట కష్టము గాదు. కాని నిన్నటి సాయంకాలము విడిదిలో ఇద్దరు తండ్రులు నాయొద్దకు వచ్చిరి. కుమారుని సివిలు ఇంజనీరింగులో చేర్చుటకు బ్యాంకిఋణము తీసికొనవచ్చునా యని యొకరును, తీసికొన్న ఋణమును తీర్చు నుపాయ మేమని రెండవవారును అడిగిరి. నిలుకడగ నుత్తరము చెప్పలేకపోతిని. రాత్రి నిద్రయు పట్టలేదు. కావున కార్యదర్శిగారి క్షమను వేడి, విషయమును మార్చుకొనుచున్నాను.

మొదట నా తప్పు నొప్పుకొనవలయును. 2016లో నా శిష్యుడొకడు, మన కులమువాడే, ఇంటర్మీడియటు ముగించెను. ప్రవేశపరీక్షలో వచ్చిన ర్యాంకునకు కన్వీనరు కోటాలో కోరిన సీటు దొరకలేదు. ఒక ప్రైవేటు కళాశాలవారు యాజమాన్యపు కోటాలో సివిలు సీటు ఇత్తుమనిరి. అట్టి సీటునకు ప్రభుత్వమువారి ఫీజు రీయింబర్సుమెంటు వర్తింపదు. బాలుని తండ్రి కిరాణాకొట్టు నడుపువాడు. అణాపైసల విలువ యెఱిగినవాడు. ఆయన యొక కాగితముపై లెక్క వ్రాసికొని వచ్చి, “మాస్టారూ, ఇది మాకు తగునా?” అని యడిగెను. నేను ఆ కాగితమువంక నైనను చూడక, “విద్యకు లెక్కలు చూడరాదయ్యా!” అంటిని. అంతటితో నాగక బ్యాంకిపత్రములపై జామీను సంతకమును చేసితిని. నాడు నేను చేసిన సంతకముకంటె చెప్పిన మాటయే యెక్కువ కీడు చేసినది.

వైదికవాఙ్మయమున మనుష్యుడు మూడు ఋణములతో పుట్టుననియు, అందు ఋషిఋణము బ్రహ్మచర్యాధ్యయనములచే తీరుననియు చెప్పియున్నారు. అది బాల్యముననే నా బుఱ్ఱ కెక్కిన మాట. అధ్యయనము ఋణమును తీర్చునదే గాని పుట్టించునది గాదని నమ్మియుంటిని. కాలము మాఱినది; నమ్మకము మాఱలేదు.

ఆ తండ్రి కాగితమున నున్న లెక్కను ఇప్పుడు మీ ముందుంచెదను. ఏటికి 1,50,000 రూపాయలచొప్పున నాలుగేండ్లకు 6,00,000 ఋణము. వడ్డి సుమారు నూటికి పది. చదువు ముగిసిన తరువాత నొక యేడు గడువు. ఆ యైదేండ్లును వాయిదా కట్టనక్కఱలేదని బ్యాంకివారు చెప్పుదురు. అది నిజము. కాని కట్టనక్కఱలేకుండుట వేఱు, పెరుగకుండుట వేఱు. మొదటి యేటి సొమ్ముపై అయిదేండ్ల వడ్డి 75,000, రెండవ యేటిదానిపై 60,000, మూడవదానిపై 45,000, నాల్గవదానిపై 30,000. వెరసి 2,10,000. ఇది సాధారణవడ్డియే. గడువు తీఱగనే దీనిని అసలుతో గలిపి 8,10,000లకు వాయిదా కట్టుదురు. పదియేండ్ల వాయిదా యైనచో, పిల్లలు “ఇ.ఎం.ఐ.” అనునది, నెలకు 10,704 రూపాయలు, మొత్తము కట్టునది 12,84,000లకు పైగా. పదునైదేండ్లకు పొడిగించినచో నెలకు 8,704. మొత్తము 15,66,000లకు పైగా.

మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున, ఒక్కమాఱుగ పుచ్చుకొను వడ్డి అసలుతోగూడి రెట్టింపు దాటరాదని నియమము గలదు. నెలనెలకు కట్టుదానికి ఆ నియమము తగులదు గనుక బ్యాంకివారిని తప్పుపట్టుటకై దీనిని చెప్పలేదు. ఆఱులక్షలు పదునైదులక్షలు దాటుట యన నెట్టిదో మన పెద్దలకు వెంటనే తెలియుటకై చెప్పితిని. అప్పిచ్చువాడు లోకమున నక్కఱలేదని నేననను. ఊర నుండవలసినవారిని చెప్పుచు సుమతీశతకకారుడు మొదట పేర్కొన్నది వానినే గదా!

ఇక వేతనము. బాలుడు 2020లో పట్టభద్రుడయ్యెను. అది కోవిడు సంవత్సరము, పనులన్నియు నిలిచిపోయినవి. 2021లో నొక కంట్రాక్టరుక్రింద సైటు ఇంజనీరుగ చేరెను. నెలకు 16,000. సైటు పరజిల్లాలో; గదికి, తిండికి 6,000. మిగిలినది 10,000. వాయిదా 10,704. అనగా ఇంజనీరు పట్టము చేతబట్టుకొని, ఎండలో కాంక్రీటు పోయించి, నెల తిరుగునప్పటికి ఆ బాలుడు 704 రూపాయలు లోటున నుండెను. ఆ లోటును తండ్రి కొట్టులోనుండి పూడ్చెను. చెప్పులు, మందులు, దారిఖర్చులు వేఱు. ఒకమాఱు రెండు వాయిదాలు తప్పినవి. జామీనుదారుడనగు నాకు నోటీసు వచ్చెను. దానిని చదువునపుడు నా చేయి వణకినమాట దాచను. ఆదాయపు పన్నులో పాతవిధానమున విద్యాఋణపు వడ్డికి మినహాయింపు గలదని యొక మిత్రుడు నన్ను ఓదార్చెను. పదియాఱువేల జీతగానికి పన్నే లేదు, మినహాయింపు దేనిలోనుండి?

కథ ఇచ్చట ముగిసినచో సివిలు చదువవలదని చెప్పి కూర్చుండియుందును. ముగియలేదు. 2024 నాటికి ఆ బాలుని వేతనము 32,000 ఆయెను. పునాది, ఉక్కు, కొలతల బిల్లులు, కూలీలతో మాట - ఇవి పుస్తకమున రావు. వచ్చినవానిని యజమాని వదలడు. సివిలు పని తొలుత తక్కువ కూలి యిచ్చి, చేయి తిరిగినకొలది పెంచును. ఇప్పుడతడు వాయిదా కట్టుచు ఇంటికి సొమ్ము పంపుచున్నాడు. కావున ముప్పదియేండ్ల యార్జనము నొక తక్కెడలోను, ఋణము నొక తక్కెడలోను పెట్టి తూచినచో ఆర్జనమే మొగ్గును. కాని కుటుంబము కూలునది ముప్పదియేండ్లలో గాదు, మొదటి మూడేండ్లలో. మనము తూచవలసినది తొలివేతనమును తొలివాయిదాను.

మా తరమువారికి ఇంజనీరనగనే మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారు తలపునకు వత్తురు. వారి యింటిపేరు ఒక తెలుగు యూరిపేరు. వారు మైసూరు ప్రభుత్వపు సహాయముతో పూనాలో చదివి, 1883లో ఇంజనీరు పరీక్ష నిచ్చి, 1884లో బొంబాయి ప్రభుత్వపు పబ్లికు వర్క్సు శాఖలో అసిస్టెంటు ఇంజనీరుగ చేరిరి. చదువునకు ప్రభుత్వము, కొలువునకు ప్రభుత్వము. ఆ నాటి గౌరవమును చూచి ఈ నాటి ఋణమును తీసికొనుచున్నాము. పెండ్లిమాటలలో “ఇంజనీరు” అను పదమునకు నేటికిని ధర గలదు. సైటు జీతమెంతయని యడుగు వియ్యంకుని నేనింతవఱకు చూడలేదు.

మఱియొక త్రోవ గలదు. పదవతరగతి పిమ్మట పాలిటెక్నికులో మూడేండ్ల సివిలు డిప్లొమా చదివి, ఇ-సెట్ పరీక్ష వ్రాసి, ఇంజనీరింగు రెండవ యేటిలో చేరవచ్చును. ఇంటర్మీడియటు రెండేండ్లు, ఇంజనీరింగు నాలుగేండ్లు వెరసి ఆఱు. డిప్లొమా మూడు, పైచదువు మూడు వెరసి ఆఱు. కాలము సమానమే, ఋణము తీయవలసిన యేండ్లు నాలుగు గాక మూడు. పైగా నడుమ డిప్లొమా చేతనుండును. దానితోనే రైల్వేలోను, కేంద్రప్రభుత్వపు శాఖలలోను జూనియరు ఇంజనీరు పరీక్షలు వ్రాయవచ్చును. ఇల్లు గడవనిచో రెండేండ్లు పనిచేసి పిదప చదువవచ్చును. ఇంత మంచిత్రోవను మనవారు “డిప్లొమాయా!” అని ముఖము చిట్లించి త్రోసివేయుచున్నారు. నేనును చిట్లించినవారిలో నొకడను.

ఋణమే తీసికొనవలసివచ్చినచో, బ్యాంకిమెట్లెక్కకమునుపు వడ్డిరాయితీలను విచారింపుడు. 2024 నవంబరున కేంద్రమంత్రివర్గమువారు ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకము నామోదించిరి. ఎంపికచేయబడిన మేలైన సంస్థలలో యోగ్యతచే సీటు సంపాదించి, కుటుంబపు సాలుసరి యాదాయము ఎనిమిదిలక్షల లోపున నున్న విద్యార్థులకు, పదిలక్షలవఱకు ఋణముపై చదువుకాలమునను గడువుకాలమునను నూటికి మూడు వంతున వడ్డిరాయితీ యందు నేర్పాటు గలదు. యాజమాన్యపు కోటా సీటున కది రాదు. అనగా సీటు ఏ ద్వారమున వచ్చినదో దానినిబట్టియే ఋణపు బరువును మాఱును. ఏ కళాశాల యని యడుగుటతోపాటు ఏ కోటా యనియు అడుగవలయును.

ఇప్పుడు సంఘమువారికి నా మనవి. నా శిష్యుడు చదువుచుండగనే వడ్డిని నెలనెలకు కట్టియున్నచో, మొదటి యేడు నెలకు 1,250, రెండవయేడు 2,500, మూడవయేడు 3,750, నాల్గవయేడును గడువుయేడును 5,000 అయియుండును. మొత్తము అదే 2,10,000. అప్పుడు ఆఱులక్షలకే వాయిదా, నెలకు 7,929. పదియేండ్లమీద 1,23,000 మిగులుటయే గాక, 704 లోటుకు మాఱుగ నెలకు 2,071 రూపాయలు ఆ బాలుడు ఇంటికి పంపియుండును. కొట్టువాని కది చిన్న మొత్తము గాదు.

మన నివేదికలో సన్మానముల పద్దును చూచితిని. సీటు వచ్చిన పిల్లలకు శాలువలు, జ్ఞాపికలు, ఫొటోలు. శాలువ కప్పించుకొన్నవారిలో నా శిష్యుడును ఉండెను; వానికి నోటీసు వచ్చిన దినమున మనలో నొక్కరమును లేము. ఆ పద్దును నిలిపి, ఋణము తీసి చదువు మన పిల్లలకు చదువుకాలపు వడ్డిని సంఘనిధినుండి కట్టుదము. దానముగ వలదు, కైబదులుగ, వడ్డిలేకుండ. ఉద్యోగమున చేరిన మూడవయేటినుండి తిరిగి యిచ్చునట్లు వ్రాయించుకొందము. తొలియేడు ఇద్దరితో నారంభించినను చాలును. మొదటి బాలుని మొదటియేటి వడ్డి 15,000 రూపాయలు నా పింఛనునుండి నేడే కోశాధ్యక్షులవారికి చెల్లించుచున్నాను. ఇది యౌదార్యము గాదు. ఆ కాగితమును నేను చూడనందులకు కట్టుచున్న బాకీ.

తీర్మానమును కార్యవర్గమువారి ముందుంచితిని. మధ్యాహ్నపు సమావేశమున చర్చింతురు. నిన్న వచ్చిన యిద్దరు తండ్రులును, వారివంటివారు మఱి యెవరైన నున్నను, భోజనానంతరము తూర్పువసారాలోనికి రాగోరెదను. మీ బ్యాంకిపత్రములను తెండు. కాగితము, కలము నాయొద్ద గలవు.