కిర్గిజ్‌స్థాన్: గద్దె నెక్కుట, గద్దె దిగుట

మధ్య ఆసియాలో చీనాదేశపు పడమటి అంచు నానుకొని, కజకస్థాన్, ఉజ్బెకిస్థాన్, తజికిస్థాన్ దేశముల నడుమ ఒక చిన్న కొండల దేశము కలదు. అదియే కిర్గిజ్‌స్థాన్. వైశాల్యము సుమారు 2 లక్షల చదరపు కిలోమీటర్లు. జనసంఖ్య 70 లక్షలు దాటినది. భూమిలో నూటికి తొంబది పాళ్లకు పైగా పర్వతమయము. వైద్యవిద్యకై ఆ దేశపు ముఖ్యనగరమగు బిష్కెక్‌నకు బిడ్డలను పంపిన కుటుంబములు మన తెలుగునాట నేడు అనేకము కలవు. అచ్చటి చలి యెంతయో, చదువునకగు రుసుమెంతయో వారు విచారించియే యుందురు. ఆ దేశము నేలువారు ఎట్లు వత్తురు, ఎట్లు పోవుదురు అను సంగతిని మేమీ ప్రసంగమున ముచ్చటింపదలచితిమి.

సోవియట్ సమాఖ్యలో ఒక భాగమైయుండిన ఈ దేశము 1991 ఆగస్టు 31వ తేదీన స్వాతంత్ర్యమును ప్రకటించుకొనెను. మొదటి రాష్ట్రపతి అస్కార్ అకాయెవ్ రాజకీయవేత్తగా పెరిగినవాడు కాడు, భౌతికశాస్త్ర పండితుడు. 1993 మే 5వ తేదీన కొత్త రాజ్యాంగము వెలసినది. పత్రికలు, పక్షములు స్వేచ్ఛగా పెరుగుట చూచి, ఆ దేశమును మధ్య ఆసియాలో ప్రజాస్వామ్య ద్వీపమని లోకము మెచ్చుకొనెను.

కాని 1994, 1996, 1998, 2003 సంవత్సరములలో వరుసగా ప్రజాభిప్రాయ సేకరణలు జరిపి ఆ రాజ్యాంగమును సవరించిరి. పలు సవరణల ఫలముగా అధికారము రాష్ట్రపతివైపు ఒరిగినది. 2005 శాసనసభా ఎన్నికలలో ఆయన కుమారుడును, కుమార్తెయు అభ్యర్థులుగా నిలిచిరి. ఎన్నికలు సవ్యముగా జరుగలేదని జనము వీథులకెక్కెను. మార్చి 24వ తేదీన ప్రభుత్వ భవనము వారి వశమయ్యెను. అకాయెవ్ రష్యాకు వెడలిపోయెను.

తరువాత వచ్చిన కుర్మాన్‌బెక్ బకియెవ్ కూడ ఆ త్రోవనే నడచెను. అధికారము బంధువర్గమునకు చేరినది. 2010 ఏప్రిల్ 7వ తేదీన బిష్కెక్‌లో జనముపై కాల్పులు జరిగి 80 మందికి పైగా మరణించిరి. బకియెవ్ దేశము విడిచి బెలారుస్‌లో తలదాచుకొనెను. ఆ జూన్ మాసమున దక్షిణమునగల ఓష్ ప్రాంతమున కిర్గిజులకును ఉజ్బెకులకును నడుమ చెలరేగిన ఘర్షణలలో 400 మందికి పైగా ప్రాణములు కోల్పోయిరి.

ఆ మంటలు చల్లారకముందే, జూన్ 27వ తేదీన, తాత్కాలిక ప్రభుత్వము నూతన రాజ్యాంగమును ప్రజలముందుంచెను. అధికారము ఒక్కచేత చిక్కరాదనుటయే దాని సారము. రాష్ట్రపతికి ఆరేండ్ల పదవి ఒక్కసారి మాత్రమే. శాసనసభయగు జోగోర్కు కెనెష్‌లో 120 స్థానములు. ఏ పక్షము ఎన్ని ఓట్లు గడించినను 65 స్థానములకు మించి దక్కరాదు. తాత్కాలిక రాష్ట్రపతియగు శ్రీమతి రోజా ఒతున్‌బాయెవా 2011లో గడువు ముగియగనే ఎన్నికలలో గెలిచిన అల్మాజ్‌బెక్ అతంబాయెవ్‌నకు పదవి నప్పగించి తప్పుకొనిరి. ఆ దేశమున అధికారము శాంతియుతముగా చేతులు మారుట అదియే ప్రథమము. 2017లో అతంబాయెవ్ కూడ గడువు ముగియగనే దిగెను. సూరొన్‌బాయ్ జీన్‌బెకోవ్ ఎన్నికయ్యెను.

అయితే ఆ పద్ధతికిని లోపములుండెను. కూటములు నిలువలేదు, ప్రధానమంత్రులు పలుమారులు మారిరి. 2020 వరకు ఆ రాజ్యాంగము జోలికి పోరాదను నిబంధన యుండగనే 2016లో దానిని సవరించిరి. 2020 అక్టోబరు 4వ తేదీ ఎన్నికలలో 16 పక్షములు పోటీచేయగా, నూటికి ఏడు ఓట్ల హద్దును నాలుగు పక్షములు మాత్రమే దాటినవని తొలి ఫలితములు తెలిపెను. ఓట్లు కొన్నారను ఆరోపణలు మిన్నుముట్టెను. ప్రభుత్వ భవనము మరల జనవశమయ్యెను. ఎన్నిక రద్దయ్యెను, జీన్‌బెకోవ్ రాజీనామా నిచ్చెను. ఆ రాత్రి చెరనుండి అనుయాయులు విడిపించిన సదీర్ జపారోవ్, కొలది దినములలోనే ప్రధానమంత్రియు, తాత్కాలిక రాష్ట్రపతియు నయ్యెను. 2021 జనవరి 10వ తేదీన ప్రజలాయనను రాష్ట్రపతిగా ఎన్నుకొనిరి.

2021 ఏప్రిల్ 11వ తేదీన ఆమోదింపబడిన రాజ్యాంగము త్రాసును మరల రాష్ట్రపతివైపు మొగ్గించెను. పదవీకాలము అయిదేండ్లు, రెండుసార్లు మించరాదు. మన దేశమున రాష్ట్రపతి మంత్రివర్గ సలహాపై నడచును. అచ్చటి రాష్ట్రపతియో స్వయముగా కార్యనిర్వాహక వర్గమునకు అధిపతి. శాసనసభ సమ్మతితో మంత్రులను నియమించువాడును ఆయనయే. సభలో స్థానములు 120 నుండి 90కి తగ్గెను. 2025లో ఎన్నికల చట్టమును మార్చి, దేశమును 30 నియోజకవర్గములుగా విభజించి, ఒక్కొక్కదానినుండి ముగ్గురిని ఎన్నుకొను ఏర్పాటు చేసిరి. ఆ ముగ్గురిలో ఒకే లింగమువారు ఇద్దరికి మించరాదు. ఆ పద్ధతిపై నవంబరు 30వ తేదీన ఎన్నిక జరిగినది. స్త్రీలకు స్థానము నిశ్చయమగుట మేలే. కాని పక్షముల బలము తగ్గినపుడు రాష్ట్రపతిని నిలదీయు సంఘటితశక్తి సభలో ఎట్లు నిలుచును అను ప్రశ్న మిగిలియే యున్నది.

ఒక్కచేతి పాలన కావలెనను వారి వాదములో కొంత న్యాయము లేకపోలేదు. కొండల దేశము, బీదతనము, ఉత్తర దక్షిణ భేదములు, నిలకడలేని మంత్రివర్గములు: వీనితో విసిగిన జనము గట్టి నాయకుని కోరుట వింత కాదు. అయినను 2021లో జరిగిన రెండు ప్రజాభిప్రాయ సేకరణలలోను ఓటు వేసినవారు నూటికి నలువదిమంది కంటె తక్కువయే. తక్కినవారి మౌనమును సమ్మతియని చెప్పుట కష్టము.

మా దృష్టిలో చిక్కు వేరొకచోట నున్నది. అకాయెవ్ రష్యాలోను, బకియెవ్ బెలారుస్‌లోను తలదాచుకొనిరి. గడువు ముగిసి మర్యాదగా దిగిన అతంబాయెవ్‌ను రెండేండ్లు నిండకముందే, 2019 ఆగస్టులో, ఆయన యింటిపై ముట్టడి జరిపి నిర్బంధించిరి. ఆయనపై మోపిన నేరములు నిజమే కావచ్చును, కాకపోవచ్చును. ఆ దృశ్యము చూచిన ప్రతి పాలకుడును నేర్చు పాఠ మొక్కటియే: దిగినచో రక్షణ లేదు. అట్టి భయమున్నచోట గడువు పెంచుకొనుటకును, అధికారము కూడబెట్టుటకును పాలకుడు ఏ రాజ్యాంగమునందైనను సందు వెదకును. అతడు దిగకున్నచో జనము వీథికెక్కును.

ఆ భయమును తీర్పగలవి రెండు: పాలకుని మాటకు లొంగని న్యాయస్థానము, ఓడినవాడును నమ్మదగిన ఎన్నిక. రాష్ట్రపతికి బలమెంత యుండవలెను, సభకెంత యుండవలెను అను చర్చ వాని తరువాతిది. ముప్పది యేండ్లలో రాజ్యాంగమును పలుమారులు తిరుగవ్రాసిన ఆ ప్రజలు పాలకులను దింపుట యెట్లో ఎరిగినవారే. దిగిన పాలకుడు స్వగృహమున నిశ్చింతగా నుండుటయు, తప్పు చేసినచో పగ లేని న్యాయాధిపతి యెదుట నిలుచుటయు ఆ దేశమున వాడుక అగునాడు, అచ్చటి రాజ్యాంగము కుదుటబడినదని చెప్పవచ్చును.