ఫ్రెంచి సచిత్రగ్రంథముల సేకరణము
(చాతంలో సంఘసభ్యుల సమక్షమున చేసిన ప్రసంగ పాఠము)



మన చాతంలో రంపపుమిల్లు 1883లో వెలసినది. తేమ పీల్చిన కొయ్య ఉబ్బుననియు, ఆరక మునుపే వాడిన కొయ్య వంగుననియు ఇచటివారికి వేరుగ చెప్పనక్కరలేదు. కాగితమును, తోలును అట్టివే. కావున ప్రాచీన ఫ్రెంచి సచిత్రగ్రంథములను గూర్చి ఈ దీవిలో ముచ్చటించుట అప్రస్తుతము కాదని తలంతును.

18వ శతాబ్దమున పారిసులో గ్రంథమును కొన్నవాడు సాధారణముగ తన స్థితికి తగినట్లు దానికి బైండు చేయించుకొనెడివాడు. సంపన్నులు మేకచర్మముతో సిద్ధమగు మొరాకో తోలును కోరెడివారు. కుట్టుత్రాళ్లు పుస్తకపు వెన్నుపై గట్లవలె తేలియుండును. వాని నడుమ బంగారు రేకుతో అలంకారము లద్దుదురు. బొమ్మలను రాగిరేకులపై చెక్కి, వేరుగ అచ్చువేసి, పుటల నడుమ చేర్చెడివారు. అందుచే ఒకే గ్రంథపు రెండు ప్రతులు ఒకే తీరున నుండవు. సేకర్త తొలుత చేయవలసినది బంగారమును చూచి మురియుట కాదు. బొమ్మలన్నియు నున్నవో లేవో లెక్కించుట.

ఈ గ్రంథములతో మనకేమి చుట్టరికమని అడుగవచ్చును. లఫొంటేన్ నీతికథలు 1755-59 నడుమ నాలుగు పెద్ద సంపుటములుగ, ఊద్రీ గీతల ననుసరించిన 275 చిత్రములతో వెలువడినవి. ఆ కవియే తన 1678నాటి సంపుటమున, అందలి కథలలో హెచ్చుభాగమునకు పిల్పే అను భారతీయ జ్ఞానికి ఋణపడితినని చెప్పుకొనెను. ఆ పేరిట ఐరోపా చేరినది మన పంచతంత్రమే. చిన్నయసూరి నీతిచంద్రికను చదివిన మనకు ఆ కథలు పుట్టింటివారే. మరియు సొన్నరా అను యాత్రికుడు మన దేవతలను, మన చేతిపనివారిని చిత్రించి, 1782లో 140 చిత్రములతో రెండు సంపుటములను ప్రకటించెను. తరువాత ఆయన మన గోదావరీతీరపు యానాములోనే అధికారిగ నుండెను.

సేకర్తలు మన నేలపైనను కలరు. బ్రౌను దొర కడపలో పండితులను చేరదీసి, శిథిలమగుచున్న తెలుగు కావ్యములకు ప్రతులు వ్రాయించి కాపాడెను. హైదరాబాదులో మూడవ సాలార్‌జంగు కూర్చిన గ్రంథరాశి, ఆయన 1949లో గతించిన పిమ్మట, 1951లో తెరువబడిన మ్యూజియము ద్వారా ప్రజల సొత్తయినది. సేకరణకు ఫలమిదియే.

దీనికి విరుద్ధమైన వర్తకము నొకటి చెప్పవలెను. కొందరు గ్రంథమును విప్పి, బొమ్మల నొక్కొక్కటిగ అమ్ముదురు. పేదవాడును ఒక బొమ్మను కొనగలుగును గదా యని వారి వాదము. ముందే చెడి విడిపోయిన ప్రతి విషయమున అది కొంత సబబే. కాని నిండుగ నున్న గ్రంథమును చీల్చినచో 140 గోడలకు అలంకారము దొరకును. గ్రంథము మాత్రము చచ్చును. అట్టి బొమ్మను తెలిసి కొన్నవాడు ఆ చావులో పాలివాడే.

ఈ దీవులలో ఏటికి సుమారు 3000 మిల్లీమీటర్ల వాన కురియును. గాలిలో తేమ నూటికి 65 దాటి నిలిచినచో పుస్తకమునకు బూజు పట్టును. బీరువాను తడిగోడకు ఆనించరాదు. తోలుబైండును ఎండలో పెట్టరాదు, బీటలు వారును. గాలాడు నీడయే మేలు. వెన్ను పైయంచున వ్రేలు వేసి లాగక, ప్రక్క పుస్తకములను లోనికి త్రోసి, నడుమ పట్టి తీయవలెను. చిరిగిన పుటకు జిగురుటేపు అంటింపరాదు. కొంతకాలమునకు అది పసుపువారి కాగితమును తినివేయును.

మనలో పెక్కుమంది ఇండ్లలో మొరాకో బైండులు లేకపోవచ్చును. పెద్దలు పెట్టె అడుగున పెట్టి సముద్రము దాటించిన భారత భాగవతములు కలవు. సముద్రము నడుమ తెలుగుపుస్తక మొకటి చెడినచో మరల సంపాదించుట సులభము కాదు. మన పిల్లలకు ఆ లిపియందు ప్రేమ కలుగుటకు ఆ పుస్తకములే ఆధారము. రాబోవు సరస్వతీపూజకు పుస్తకములపై పూలుంచుటకు ముందు, ప్రతి పుటను ఒకమారు త్రిప్పి చూడుడని వేడుచున్నాను.