మరమ్మతులో అమానత్: ఏ పనికి డబ్బు చెల్లించాలి?

(క్యాబ్, ఆటో యజమానులు, మెకానిక్‌ల కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)





హక్కుల వేదిక అనగానే రిజర్వేషన్లు, వక్ఫ్ ఆస్తులు, విద్యార్థుల ఉపకార వేతనాలు గుర్తుకు వస్తాయి. అవన్నీ ముఖ్యమైనవే. నేడు మేము ఎంచుకున్న విషయం మాత్రం మెకానిక్ షెడ్డులో మన చేతికి వచ్చే ఎస్టిమేటు కాగితం. అందులో రాసిన పనుల్లో వేటికి డబ్బు చెల్లించాలి, వేటిని వాయిదా వేయాలి, వేటిని వద్దనాలి అన్నదే ప్రశ్న.

ఈ ప్రశ్నకు హక్కులతో సంబంధం ఉంది. 2006లో వెలువడిన జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ నివేదిక మన సముదాయంలో నెల జీతం అందుకునేవారు తక్కువని, స్వయం ఉపాధిపై ఆధారపడినవారు ఎక్కువని, బ్యాంకు రుణాలు అందేది స్వల్పమని స్పష్టం చేసింది. సొంత బండి నడుపుకొని బతికే కుటుంబం ఈ మూడు ఇబ్బందులనూ ఒకేసారి మోస్తోంది. బండి ఆగిన రోజున సంపాదన ఆగుతుంది. బాగు చేయించడానికి సొమ్ము లేకపోతే రోజువారీ వసూళ్ల ఫైనాన్సు వ్యాపారి గుమ్మం తొక్కవలసి వస్తుంది. ఆ విధంగా అనవసరమైన ఒక మరమ్మతు వడ్డీగా మారి మన ఇంట ప్రవేశిస్తుంది. అవసరమైన మరమ్మతును వాయిదా వేస్తే నష్టం ఇంకా పెద్దది. అక్కడ పోయేది డబ్బు కాదు, ప్రాణం.

మరో సంగతి. బానెట్‌కు ఇవతల డబ్బు చెల్లించేవాడూ మనవాడే, అవతల స్పానర్ పట్టినవాడూ చాలా చోట్ల మనవాడే. విజయవాడ ఆటోనగర్‌లోనైనా, హైదరాబాదు పాతబస్తీ సందుల్లోనైనా ఈ విద్యను తరతరాలుగా చేతులతో నిలబెట్టినవారిలో మన మిస్త్రీలు ఎందరో ఉన్నారు. కనుక ఈ ప్రసంగం మెకానిక్‌లపై ఫిర్యాదు కాదు. ఇద్దరి మధ్యా ఉండవలసిన అమానత్ గురించి, అంటే నమ్మి అప్పగించినదానిని నిలబెట్టుకోవడం గురించి, మేము మాట్లాడదలచాము.

ముందుగా పనులను మూడు వర్గాలుగా విభజించుకుందాం.

మొదటిది ప్రాణరక్షణకు సంబంధించిన వర్గం. బ్రేకులు, టైర్లు, స్టీరింగు, చక్రాలను పట్టి ఉంచే జాయింట్లు, లైట్లు ఇందులోకి వస్తాయి. ఇక్కడ బేరం కూలిపైనా, విడిభాగం ధరపైనా ఉండవచ్చు గాని, పని చేయించాలా వద్దా అన్నదానిపై ఉండరాదు. బ్రేక్ ప్యాడ్ మందం సుమారు 3 మిల్లీమీటర్లకు చేరితే మార్చవలసిందే. నొక్కినప్పుడు కీచుమనే శబ్దం తొలి హెచ్చరిక. ఇనుము ఇనుమును గీసినట్టు గరగర వినిపిస్తే ప్యాడ్ అయిపోయి డిస్కు కూడా పాడవుతున్నదని అర్థం. టైరు గాళ్లలో అడుగున చిన్న గట్టు ఉంటుంది. రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైందంటే లోతు 1.6 మిల్లీమీటర్లకు చేరినట్టే. కార్ల టైర్లకు చట్టం అనుమతించే కనీస లోతు అదే. టైరు పక్కగోడపై నాలుగు అంకెలు ఉంటాయి. 2321 అని ఉంటే అది 2021వ సంవత్సరం 23వ వారంలో తయారైనది. కొత్త టైరు కొనేటప్పుడు ఆ అంకెలను చదవడం మన పని. సీఎన్‌జీ బండి నడిపేవారు సిలిండరుకు 3 సంవత్సరాలకు ఒకసారి జరిపే పీడన పరీక్షను కూడా ఈ వర్గంలోనే చేర్చాలి.

"అల్లాహ్ చూసుకుంటాడు" అంటూ అరిగిన బ్రేకులతో బండి తీసే సోదరులు ఉన్నారు. ఒంటెను కట్టివేయాలా, అల్లాహ్‌పై భారం వేయాలా అని అడిగిన వ్యక్తికి ముందు కట్టివేసి, ఆపై భారం వేయమని దైవప్రవక్త (స) బోధించిన ఉదంతం మనకందరికీ తెలిసినదే. తవక్కుల్ అంటే అజాగ్రత్త కాదు. వెనుక సీటులో కూర్చున్న ప్రయాణికుని ప్రాణం కూడా మన చేతిలోని అమానతే.

రెండవది, నేడు చిన్న ఖర్చుతో ఆగి, రేపటికి పెద్ద ఖర్చుగా మారే వర్గం. ఇంజిన్ ఆయిలు, కూలెంట్ లీకేజీ, బెల్టులు ఇలాంటివి. కూలెంట్ పైపు చీలికను పట్టించుకోకపోతే ఇంజిన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ పోతుంది. కొన్ని వందల రూపాయల పైపు ఇంజిన్ విప్పించే దాకా తెస్తుంది. టైమింగ్ బెల్టు ఉన్న ఇంజిన్లలో ఆ బెల్టు నడుస్తుండగా తెగితే చాలా రకాల్లో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి. అందుచేత కంపెనీ పుస్తకంలో రాసిన కిలోమీటర్లకు దానిని మార్పించాలి. కొన్ని ఇంజిన్లలో బెల్టుకు బదులు చెయిన్ ఉంటుంది. దానికి అదే లెక్క వర్తించదు. మన బండికి ఏది ఉన్నదో ముందే తెలుసుకోవాలి.

మూడవది సదుపాయానికి, అందానికి, కొన్నిసార్లు కేవలం బిల్లు పెంచడానికి ఉపయోగపడే వర్గం. ఇంజిన్ ఫ్లషింగ్, ఇంజెక్టర్ క్లీనింగ్, కార్బన్ తొలగింపు, ఏసీకి క్రిమిసంహారక మందు, అడుగు భాగానికి పూత, రంగుకు మెరుగు వంటివి. ఇవన్నీ మోసమని మేము అనడం లేదు. ఇంజిన్ కుదుపుతూ, పరీక్షలో ఇంజెక్టరే కారణమని తేలితే దానిని శుభ్రం చేయించడం సబబే. సముద్ర తీరాన తిరిగే బండికి అడుగు పూత ఉపయోగపడుతుంది. ఏ లక్షణమూ లేకుండా, కంపెనీ పుస్తకంలోని సర్వీసు పట్టికలో లేకుండా, ప్రతి సర్వీసులోనూ ఈ పనులు బిల్లులో చేరుతుంటే వద్దని చెప్పే హక్కు యజమానికి ఉంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. క్యాబ్ నడిపే సోదరునికి 25,000 రూపాయల ఎస్టిమేటు వచ్చిందనుకోండి. అందులో ముందు బ్రేక్ ప్యాడ్లకు 2,200, రెండు టైర్లకు 8,000, కూలెంట్ పైపుకు, కూలెంట్‌కు కలిపి 1,600, వెనుక షాక్ అబ్సార్బర్లకు 5,000, ఇంజిన్ ఫ్లషింగ్‌కు 1,200, ఇంజెక్టర్ క్లీనింగ్‌కు 2,000, ఏసీ మందుకు 1,000, అడుగు పూతకు 4,000 రాశారు. ప్యాడ్లు పలుచబడినట్టు, టైర్లు గట్టు దాకా అరిగినట్టు, పైపు కారుతున్నట్టు కంటితో చూసి నిర్ధారించుకుంటే ఆ 11,800 నేడే చెల్లించాలి. షాక్ అబ్సార్బర్లను చూడాలి. వాటి నుంచి నూనె కారుతున్నా, బండి గతుకు దాటాక అదే పనిగా ఊగుతున్నా మార్చాలి. లేకపోతే వచ్చే సర్వీసులో మళ్లీ చూడమని చెప్పవచ్చు. మిగిలిన నాలుగు పనుల మొత్తం 8,200. బండిలో ఏ లక్షణమూ లేనప్పుడు ఆ 8,200 పిల్లల ఫీజుకు దక్కవలసిన సొమ్ము.

ఈ విభజనకు ఇంజినీరింగ్ చదువు అక్కర లేదు. నాలుగు ప్రశ్నలు చాలు. ఈ లోపం ఎక్కడుందో చూపిస్తారా? ఇప్పుడు చేయించకపోతే ఏమవుతుంది, ఎంత కాలంలో అవుతుంది? కంపెనీ పుస్తకంలో ఇది ఎన్ని కిలోమీటర్లకు చేయాలని ఉంది? విడిభాగానికి ఎంత, కూలికి ఎంత? వీటికి ఓపికగా బదులిచ్చే మిస్త్రీని వదులుకోకండి. ప్రశ్న అడిగినందుకే విసుక్కునేవారి దగ్గర పెద్ద పని చేయించే ముందు మరొక షెడ్డులో చూపించండి. డాష్‌బోర్డుపై ఇంజిన్ దీపం వెలిగితే స్కానర్ పెట్టించండి. అయితే స్కానర్ చూపే కోడ్ లోపం ఏ వైపున ఉన్నదో సూచిస్తుంది గాని, ఏ భాగాన్ని మార్చాలో తీర్పు చెప్పదు. సెన్సార్ కోడ్ వచ్చినప్పుడు తెగిన వైరు కూడా కారణం కావచ్చు. పరీక్షించకుండా భాగాలను ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోతే ఖర్చు యజమానిదే.

ప్రభుత్వ కార్యాలయాల్లో బిల్లులు పరిశీలించిన అనుభవం ఇక్కడ అక్కరకు వస్తుంది. కార్యాలయపు జీపుకు మరమ్మతు చేయించాలంటే ముందు రాతపూర్వకమైన ఎస్టిమేటు ఉండాలి. అదే భాగాన్ని గతంలో ఎప్పుడు మార్చారో రిజిస్టరులో చూడాలి. తీసివేసిన పాత భాగం తిరిగి కార్యాలయానికి చేరాలి. ఆ తరువాతే బిల్లు మంజూరవుతుంది. ప్రభుత్వ సొమ్ముకు పాటించే ఈ జాగ్రత్తను చెమటోడ్చి సంపాదించిన మన సొమ్ముకు ఎందుకు పాటించరాదు? ప్రతి బండిలో ఒక నోటు పుస్తకం ఉంచండి. తేదీ, కిలోమీటర్లు, చేయించిన పని, చెల్లించిన సొమ్ము రాయండి. పాత భాగాన్ని అడిగి తీసుకోండి. కొత్త భాగపు డబ్బాపై గరిష్ఠ చిల్లర ధర, తయారైన నెల, సంవత్సరం చదవండి.

ఇంజిన్ విప్పవలసినంత పెద్ద ఖర్చు వచ్చినప్పుడు లెక్క వేరు. బండిని ఎంతకు కొన్నామన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. బాగు చేశాక దానికి మార్కెట్టులో ఎంత పలుకుతుంది, ఇంకా ఎన్ని నెలలు నమ్మకంగా నడుస్తుంది, ఫిట్‌నెస్ పరీక్షకు నిలుస్తుందా అన్నవి చూడాలి. ఇప్పటికే చాలా పెట్టాము కనుక ఇంకొంత పెడదాం అన్న ఆలోచన చాలా కుటుంబాలను ముంచింది.

ఇప్పుడు మిస్త్రీ సోదరులకు రెండు మాటలు. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలో చేయి పెట్టి లోపలి తడిని బయటపెట్టి, దానిని కొనేవారికి కనిపించేలా పైన ఎందుకు ఉంచలేదని వర్తకుణ్ణి నిలదీసిన సంగతి హదీసు గ్రంథాల్లో ఉంది. బానెట్ కింది భాగం కూడా అటువంటి రాశే. యజమానికి అది కనిపించదు. మీరు చూపితేనే కనిపిస్తుంది. అరగని ప్యాడ్‌ను అరిగిందని చెప్పి పొందిన లాభం, తూకంలో తగ్గించి పొందిన లాభం వంటిదే. అదే సమయంలో న్యాయంగా చెప్పిన కూలిని బేరంతో సగానికి కోసి, ఆపై నిజాయితీని ఆశించే యజమానులు కూడా జవాబు చెప్పుకోవలసి ఉంటుంది. చూసి లోపం కనిపెట్టడం కూడా శ్రమే. దానికి కూలి ఇవ్వడం న్యాయం. ఆ కూలి దక్కినప్పుడు మిస్త్రీకి అనవసరమైన భాగం అమ్మవలసిన ఒత్తిడి తగ్గుతుంది.

చట్టం కూడా మనకు తోడుగా ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం సేవాలోపంపై జిల్లా వినియోగదారుల కమిషన్‌కు 2 సంవత్సరాలలోపు ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన ప్రతిఫలం 5 లక్షల రూపాయల వరకు ఉంటే ఫీజు లేదు. న్యాయవాది తప్పనిసరి కాదు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915. స్వయం ఉపాధితో బతకడానికి మాత్రమే వస్తువు కొని వాడుకునేవారిని చట్టం వ్యాపారిగా కాక వినియోగదారుగానే గుర్తిస్తుంది. అయితే కమిషన్ ముందు నిలిచేది బిల్లు, ఎస్టిమేటు, పాత భాగం వంటి ఆధారాలే. బిల్లు వద్దని కొంత మిగుల్చుకున్నవారు ఈ హక్కును తమ చేతులతోనే బలహీనపరచుకుంటున్నారు.

చిన్న షెడ్ల హక్కు కూడా ఇందులో ఉంది. 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా 14 కార్ల కంపెనీలపై మొత్తం 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. అసలు విడిభాగాలను, మరమ్మతు సమాచారాన్ని బయటి మెకానిక్‌లకు అందనివ్వకపోవడం పోటీని దెబ్బతీస్తుందని తేల్చింది. కంపెనీలు దానిపై న్యాయపోరాటానికి వెళ్లాయి. అయినా ఆ ఉత్తర్వు చెప్పిన సూత్రం గట్టిది. వీధి చివరి షెడ్డు బతికితేనే యజమానికి రెండవ అభిప్రాయం దొరుకుతుంది. ఆ షెడ్డు నమ్మకం నిలుపుకుంటేనే యజమాని దాని గడప తొక్కుతాడు.

చివరిగా మా సంఘం పక్షాన రెండు ప్రతిపాదనలు. ప్రతి మొహల్లాలో బైతుల్ మాల్ నుంచి కొంత సొమ్మును మరమ్మతుల కోసం ఖర్జె హసనాగా, అంటే వడ్డీ లేని రుణంగా, కేటాయించాలి. అది మొదటి రెండు వర్గాల పనులకు మాత్రమే ఇవ్వాలి. బ్రేకుల కోసం ఏ సోదరుడూ వడ్డీ వ్యాపారి ముందు చేయి చాచరాదు. రెండవది, అనుభవం గల మిస్త్రీలు నెలకు ఒక ఆదివారం మసీదు ఆవరణలో బండ్లను ఉచితంగా పరిశీలించి, ఏది నేడు, ఏది రేపు, ఏది అక్కర లేదు అని కాగితంపై రాసి ఇవ్వాలి. ఆ బండ్లు ఏ మతం వారివైనా సరే. మన వీధిలో తిరిగే బండి బ్రేకులు బాగుంటే మన పిల్లలందరికీ క్షేమం.

ఈ రెండు పనులకు పేర్లు ఇవ్వదలచినవారు సభ ముగిశాక ఇక్కడే రిజిస్టరులో రాయవలసిందిగా కోరుతున్నాము. అల్లాహ్ మన సంపాదనలో బర్కత్‌ను, మన ప్రయాణాల్లో క్షేమాన్ని ప్రసాదించుగాక! ఆమీన్.