పాచికలు లేని ఆట

(ఉపాధ్యాయులు, యువజన కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



శరణార్థుల గురించి మాట్లాడమని మీరు పిలిచారు. మేము ఒక ఆట అట్టను పట్టుకొని వచ్చాం. ఇల్లు కాలి, ఊరు విడిచిన వారి దుఃఖంతో ఆటలాడటం తగునా అని కొందరు పెద్దలకు సందేహం కలిగింది. అది న్యాయమైన సందేహమే.

ఆటను పాఠంగా మలచటం మన నేలకు కొత్త కాదు. పాపపుణ్యాలు బోధించటానికి ఏర్పడినదే వైకుంఠపాళి. 1904లో అమెరికాలో ఎలిజబెత్ మాగీ అనే మహిళ, భూయజమానుల అద్దెలు పేదలను ఎలా పీల్చివేస్తాయో చూపే ఒక ఆటకు పేటెంటు పొందారు. కాలక్రమంలో అదే మొనాపలీగా మారింది; మన పిల్లలు 'బిజినెస్' అని ఆడేది దాని సంతతే. అన్యాయాన్ని చూపటానికి పుట్టిన ఆట, అన్యాయంలో గెలిచే సరదాగా మిగిలింది. ఇది మాకొక హెచ్చరిక. ఐక్యరాజ్యసమితి శరణార్థుల సంస్థ 1995లో 'పాసేజెస్' అనే అవగాహన క్రీడను ప్రచురించింది. అందులో ఆడేవారు కుటుంబాలుగా ఏర్పడి, ఇల్లు విడిచి సరిహద్దు దాటుతారు. మాకు దారి చూపినది అదే.

మేము రొహింగ్యాల ప్రయాణాన్ని ఎంచుకున్నాం. హైదరాబాదులోని బాలాపూర్ పరిసరాల్లో వారు మన పొరుగువారు. మొదటి నమూనాలో పాచికలు పెట్టాం. ఒక మౌల్వీ సాబ్, పాచికలాటపై హదీసులో నిరసన ఉందని గుర్తుచేశారు. వారి మాటను మన్నించి పాచికలు తీసివేశాం. అప్పుడే మా ఆటలో దాగిన ఒక అబద్ధం కూడా బయటపడింది. పాచిక పడిన తీరునుబట్టి మనిషి నిరాశ్రయుడైతే అది తలరాత అవుతుంది. దానికి ఎవరూ బాధ్యులు కారు. కాని రొహింగ్యాలను పౌరసత్వానికి దూరం చేసినది 1982లో బర్మా పాలకులు చేసిన చట్టం. 2017 ఆగస్టు తరువాత ఏడు లక్షల మందికి పైగా బంగ్లాదేశ్‌కు పారిపోవలసి వచ్చినది సైన్యం సాగించిన దాడుల వల్ల.

కనుక ఇప్పుడు పాచికల స్థానంలో కాగితాలున్నాయి. ప్రతి కాగితంపై ఒక నిర్ణయం, దాని కింద ఆ నిర్ణయం తీసుకున్న వారి హోదా: సైనికాధికారి, పడవ యజమాని, సరిహద్దు కాపలాదారు, ఇంటి యజమాని, న్యాయస్థానం. మన దేశపు గడిలో మూడు కాగితాలుంటాయి. 1951 నాటి శరణార్థుల ఒడంబడికలో భారతదేశం చేరలేదన్నది మొదటిది. 21వ అధికరణం కల్పించే ప్రాణరక్షణ పౌరులకే గాక ప్రతి వ్యక్తికీ వర్తిస్తుందని 1996లో చక్మాల కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట రెండవది. జమ్మూలో నిర్బంధించిన రొహింగ్యాలను, చట్టంలోని పద్ధతి పాటించి పంపివేయవచ్చునని 2021 ఏప్రిల్‌లో అదే కోర్టు ఇచ్చిన ఉత్తర్వు మూడవది. రెండవ కాగితానికీ మూడవ కాగితానికీ నడుమ ఒక కుటుంబం ఎలా బ్రతకాలో పిల్లలే చర్చించుకుంటారు.

ఒక పాఠశాలలో ఇంటి యజమాని పాత్ర వహించిన బాలిక, "ఆధార్ లేని వాళ్లకు ఇల్లెలా ఇస్తాం?" అని ఖచ్చితంగా నిరాకరించింది. ఆట ముగిశాక జరిగిన చర్చలో ఆ బాలికే లేచి, "మా అబ్బాజాన్‌కు ఆధార్ ఉంది. అయినా పేరు విని ఇల్లు ఇవ్వలేదు" అన్నది. ఆ తరగతిలో మేము చెప్పవలసినది ఇంకేమీ మిగలలేదు.

మేము పాటించే నియమాలు నాలుగు. శరణార్థులను సంప్రదించకుండా, వారి సమ్మతి లేకుండా ఒక్క కాగితమూ రాయరాదు. ఆటలో విజేత ఉండరాదు. ఆడినంతసేపూ చర్చ జరగాలి. అల్లర్లు చూసిన పిల్లలను బలవంతంగా కూర్చోబెట్టరాదు.

దైవప్రవక్త (స) సహచరులు మక్కా హింసల నుండి తప్పించుకొని అబిసీనియా చేరినప్పుడు, వారిని అప్పగించమని ఖురైషులు దూతలను పంపారు. క్రైస్తవ రాజు నజాషీ ముందుగా జాఫర్ (ర) చెప్పినది విన్నాడు, తరువాతనే నిర్ణయించాడు. ఆశ్రయమిచ్చాడు. వినటం, ఆ తరువాత నిర్ణయించటం: పిల్లలకు మేము నేర్పదలచినది ఇంతే.

ఒక అట్ట, కొన్ని కాగితాలు, రెండు పీరియడ్ల సమయం చాలు. మీ పాఠశాలల్లో ఆ సమయం ఇవ్వవలసిందిగా మనవి చేస్తున్నాం.